మీ మామకు చెప్పు

ఆ యేడు పత్తికి మొగ్గ పట్టిన నాటి నుంచి దసరా ముందు దాకా మా అత్తమామలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలోది తింటూ, ఒకే చేనులో పొద్దంతా పనిచేస్తూ రెండు నెలల పైన మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో వాళ్ళిద్దరికీ తెలియనే తెలియదు. ఎందుకంటే ఆ కష్టమంతా పడింది నేను.

2006 అది. నా పేరు స్వరూప. మాది లింగాల దగ్గర ఒక పల్లె. జొన్న, ఆముదం తప్ప వేరే పంట ఎరగని మెట్టనేల. అక్కడి నుంచి గద్వాల అవతల, అయిజ తోవలో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది. నా పెనిమిటి శివ మేస్త్రీ వెంట పూనాకు పోయి బిల్డింగు పనిలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం. మామ దశరథం, అత్త జములమ్మ, నేను. ముగ్గురిలో ఇద్దరు మాట్లాడుకోకపోతే మూడో మనిషి గతి ఏమవుతుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు.

గొడవ ఒక పుంజు దగ్గర మొదలైంది. శివ పూనా బస్సెక్కిన రోజు మా అత్త ఒక కోడిపిల్లను పట్టుకుని, దాని కాలికి పసుపుదారం కట్టి, కొడుకు పైలంగా తిరిగొస్తే దీన్ని గద్వాల జమ్ములమ్మ అమ్మవారికి ఇస్తానని మొక్కుకుంది. అది పెరిగి ఎర్రటి పుంజయింది. నడకలో పటేలు దర్జా. అత్త తన పళ్ళెంలో మెతుకులు తీసి దానికి వేసేది. ఆ ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ, అబద్ధమెందుకు.

మా ఊళ్ళో అందరూ కంపెనీల విత్తనం కోసం సీడు పత్తి వేస్తారు. విత్తనం ఇచ్చేదీ, చేను చూసి మళ్ళీ యేడుకు ఇవ్వాలో వద్దో తేల్చేదీ ఆర్గనైజరు. జూలై మధ్యలో ఒకనాడు ఆయన చెప్పాపెట్టకుండా మోటారుసైకిలు మీద దిగాడు. అత్తా నేనూ చేనులో ఉన్నాం. ఇంట్లో ఉన్న మామకు సారుకేం పెట్టాలో తోచలేదు. చేతికందిన పుంజును కోసేశాడు. మేం వచ్చేసరికి వాకిట్లో ఎర్రటి ఈకలు, పొయ్యి మీద చట్టి.

"పుంజేది?" అంది అత్త.

"కోసిన. సారు ఊకూకె వస్తడా?"

"కాలికి దారం కనవడలేదా నీకు?"

"కనవడ్డది. తీసి చూరుల చెక్కిన. జమ్ములమ్మకు ఇంకోటిస్తం తీయ్. అమ్మవారికేం తొందరున్నదే? సారుకే తొందర."

ఆర్గనైజరు నవ్వాడు. ఆయన నవ్వాడని మామ ఇంకా గట్టిగా నవ్వాడు. అత్త ముఖం మాత్రం తెల్లబోయింది. కొడుకు ప్రాణానికి కట్టిన కోడి అది. లోపలికి పోయి, కొంగు నడుముకు చుట్టుకుని, ఆ చట్టిలోనే మసాలా నూరి వేసి వండింది. ఇద్దరికీ వడ్డించింది. తను ముట్టలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ నా వైపు తిరిగింది.

"స్వరూపా, మీ మామకు చెప్పు, కూర ఇంక ఉన్నది, సిగ్గుపడకుండ తినుమని."

మామ మా ఇద్దరి మధ్యనే కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపితే తగులుతాడు. నాకేం పాలుపోక, "మామా, కూర ఇంక ఉన్నదంట, సిగ్గుపడకుండ తినమంటుంది" అన్నాను. ఆ పూట బుద్ధిలేక నోరు తెరిచాను. మళ్ళీ మూసుకోవడానికి దసరా రావలసి వచ్చింది.

సీడు పత్తి పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. చేనులో ఆడచెట్లు వేరే, మగచెట్లు వేరే. మధ్యాహ్నం తిరిగాక ఆడచెట్ల మొగ్గలను గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్రకాగితం తొడుగుతాం. తెల్లారి మగచెట్ల పూలు తెంపుకొచ్చి, నిన్న గిల్లిన ప్రతి మొగ్గకూ తాకించాలి. ఎండ ముదరక ముందే అయిపోవాలి. లేదంటే ఆ మొగ్గలన్నీ రాలిపోయినట్టే. మగపూలు తెచ్చే పని మామది. గిల్లే పనీ, తాకించే పనీ ఏడుగురు ఆడకూలీలతో అత్తది. నిమిషానికో మాట అవసరమయ్యే పని. ఎన్ని పూలు కావాలి, ఏ సాలు దాకా అయింది, మందు ఎప్పుడు కొట్టాలి, అన్నీ నా నోటి మీదుగానే పోవాలి.

"మీ అత్తకు చెప్పు, పూలు గంపల పెట్టిన అని."

"మీ మామకు చెప్పు, గంప నాకు కనవడుతుంది అని."

"కనవడితే తీస్కపొమ్మని చెప్పు."

"తీస్కపోత గని, సగం పూలు వాడినయి, ఎండల పెట్టినోని తెలివికి దండం పెట్టినని చెప్పు."

ఇవన్నీ ఎదురెదురుగా నిలబడి అన్న మాటలే. ఒకరిది ఒకరికి నిక్షేపంగా వినబడేది. అయినా నేను అప్పజెప్పేదాకా ఇద్దరూ చెట్లను చూస్తూ నిలబడేవాళ్ళు. ఒకసారి విసుగొచ్చి "ఇన్నవు గద మామా" అంటే, "నేనేం ఇన్న? నాకేం ఇనవడలె" అన్నాడు. కూలీ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళలో మణెమ్మ అని ఒకామె, "స్వరూపకు రెండు కూలీలియ్యాలె. ఒకటి చేతులకు, ఒకటి నోటికి" అనేది. మొదట్లో నేనూ నవ్వాను. పదిరోజులు తిరిగేసరికి నవ్వే ఓపిక లేకపోయింది.

ఆదివారం పగటిపూట శివ ఫోన్ చేసేవాడు. ఫోను బక్కయ్య దుకాణంలో ఉండేది. ఉప్పు బస్తా మీద కూర్చుని, చింతపండు కొనేవాళ్ళందరి ముందూ నేను మొగుడితో మాట్లాడాలి.

"అమ్మానాయిన మాట్లాడుతుండ్రా?"

"లేదు."

"ఇంక లేదా? పుంజు పోయి నెలాయె గదా."

"పుంజు పోయింది గని పంతం పోలె."

"ఇక్కడ రూము చూసిన. చిన్నదే గని నల్లా లోపల్నే ఉన్నది. దసరాకొచ్చి నిన్ను తీస్కపోదామనుకున్న. కానీ వాళ్ళు గిట్లుంటే ఎట్ల తీస్కపోవాలె చెప్పు? నువ్వు లేకుంటే ఇద్దరు మూగోళ్ళ లెక్క అయితరు. వాళ్ళు మాట్లాడుకోనియ్యి, అప్పుడు చూద్దం."

పెళ్ళయి ఏడాదిలో మేమిద్దరం ఒకచోట ఉన్నది నలభై రోజులు. లోపల నీళ్ళ నల్లా ఉన్న రూము కోసం కాదు, నాకు శివ దగ్గర ఉండాలని ఉంది. ఎంత ఉందంటే, ఆ మాటకు కూర్చున్న ఉప్పు బస్తాను గోటితో గిల్లి గిల్లి చిల్లు పెట్టాను.

"నీ సంగతేంది?" అన్నాడు శివ.

చెబుదామని నోరు తెరిచాను. పొద్దంతా వాళ్ళ మాటలు మోసీ మోసీ నా మాట ఒక్కటీ నోటికి రాలేదు. "బాగనే ఉన్న" అని పెట్టేశాను.

ఇంటికి వస్తే మామ ఉత్త పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. పక్కనే అన్నం కుండ. కుండ పక్కన గరిటె పట్టుకుని అత్త. ఇద్దరూ నా కోసం గడప వైపు చూస్తున్నారు.

"ఎంతసేపాయె మామా కూసోని?"

"గంటయింది. ఆకలైతుందని మీ అత్తకు చెప్పు."

"అడిగితే పెడతుంటి, నేనేమన్న వద్దంటినా అని చెప్పు."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గరిటె తీసుకుని నేనే పెట్టాను. అదే పూట నిశ్చయించుకున్నాను, వీళ్ళను ఎట్లాగైనా కలపాలని. వాళ్ళ మీద ప్రేమతో అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది కానీ, నాకు పూనా పోవాలి.

మర్నాడే అవకాశం వచ్చింది. మధ్యాహ్నం తిరిగింది, ఉక్కపోతకు ఆకు కదలడం లేదు. మామ గట్టు మీద నుంచి చూసి మండిపడ్డాడు. కూలీ వాళ్ళు చప్పుడు చేస్తున్నారు కాబట్టి అవతల సాలులో ఉన్న అత్తకు వినబడలేదు.

"మీ అత్తకు చెప్పు, నిన్న రెండు సాళ్ళు గిల్లకుంటనే ఇడిసిపెట్టింది. కండ్లు తల మీదికొచ్చినయా అని."

నేను సాళ్ళ మధ్య నడుస్తూ నడుస్తూ ఆ మాటను మార్చేశాను. అత్త దగ్గరికి పోయి, "మామ అంటుండు, ఎండ బాగున్నది, ఆ రెండు సాళ్ళు మిగిలితే మిగలనియ్యి, జర సేపు నీడకు కూసోమని" అన్నాను.

మొగ్గ మీద అత్త వేళ్ళు ఆగిపోయాయి. నా ముఖంలోకి చూసింది.

"గట్లన్నడా?"

"ఆ. గట్లనే అన్నడు."

ఆమె కూర్చోలేదు. పైగా ఆ రెండు సాళ్ళూ తనే గిల్లి ముగించింది. సాయంత్రం మామ పళ్ళెంలో ఉల్లిగడ్డ కోసి పెట్టింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఉన్న పెళ్ళిని నిలబెట్టడానికి పదో ఇరవయ్యో ఆడితే తప్పేమిటి అనుకున్నాను.

పదీ ఇరవైతో ఆగలేదు. "మందు కొట్టేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకొమ్మంటుంది అత్త" అని మామకు చెప్పేదాన్ని. ఆయన "ఊఁ" అని, ఎవరూ చూడకుండా రుమాలు కట్టుకునేవాడు. "నువ్వు గిల్లిన మొగ్గ ఒక్కటి రాలదంట, ఆర్గనైజరుతో చెప్పిండు మామ" అని అత్తకు చెప్పేదాన్ని. ఆమె ఆ రోజు పాట పాడుతూ పనిచేసేది. కొన్నాళ్ళకు ఆమెనే అడగడం మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ, వేరే ఏదో అడుగుతున్నట్టు, "ఇయ్యాల ఏమన్న అన్నడా మీ మామ?" అనేది. మామ ఏమీ అని ఉండడు. ఉన్నా, అది చెప్పే మాట అయి ఉండదు. నేను పొద్దంతా పూలు తాకిస్తూనే సాయంత్రానికి ఒక మంచిమాట తయారుచేసి పెట్టుకోవలసి వచ్చేది. నిజం చెప్పేవాళ్ళకు ఈ కష్టం ఉండదు. ఏ మాట ఎవరిదని చెప్పానో గుర్తుంచుకోలేక తల పగిలిపోయేది. చేను పనికంటే ఆ పనికే ఎక్కువ అలసిపోయాను.

ఇంత చేసినా ఇద్దరూ నోరు విప్పలేదు. మంచిమాటలు కూడా నా మీదుగానే నడిచాయి. దసరా తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. శివ టికెట్ తీసుకున్నానని చెప్పాడు. ఇక నేను పెద్ద అబద్ధానికి తెగించాను.

"మామా, అత్త ఏమంటుందంటే, ఇంకో పుంజు తెచ్చి అమ్మవారికి మొక్కు చెల్లిస్తే అంతా మర్చిపోతదంట."

మామ బీడీ పక్కన పడేశాడు. "నిజంగ అన్నదా?"

"నా మీద ఒట్టు" అన్నాను. ఒట్టు నా మీదే కదా, పోతే నేనే పోతాననుకున్నాను.

శనివారం పొద్దున్నే మామ తెల్లబట్టలు కట్టుకుని, బీచుపల్లి మీదుగా పెబ్బేరు సంతకు పోయాడు. పొద్దు వాలుతుండగా వచ్చాడు. చంకలో పుంజు. పోయినదానికంటే పెద్దది, ఇంకా ఎర్రది. బస్సంతా రక్కిందేమో, ఆయన ముంజేతి నిండా గీతలు. వాకిట్లో నిలబడి, నన్ను చూసి, "మీ అత్తకు చెప్పు, వచ్చి చూసుకొమ్మని" అన్నాడు. ఆయన గొంతులో అంత సంబరం నేను అంతకు ముందు వినలేదు.

అత్త చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి పుంజును చూసింది. మామను చూసింది. చాట పక్కన పెట్టింది.

"సంతల కోడి మొక్కుకు పనికొస్తదా? మన మెతుకులు తిని పెరగాలె గద. ఇరవై ఆరేండ్లాయె నేను కాపురానికొచ్చి, గింత గూడ తెల్వదా నీకు?"

నేను మామకు అప్పజెప్పడానికి అలవాటు కొద్దీ నోరు తెరిచాను. అప్పటికే ఆయన జవాబు చెప్పేశాడు.

"మరి తెమ్మని ఎందుకు చెప్పి పంపినవే?"

"నేనెప్పుడు పంపిన?"

"స్వరూపతోని పంపలేదా?"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డెబ్బై రోజులు ఉలుకూ పలుకూ లేని మనుషులు ఒకే మంచం మీద కూర్చుని, నేను మోసిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీశారు.

"ముక్కుకు రుమాలు కట్టుకొమ్మన్నవా నన్ను?"

"నేనెందుకంట? నీ ముక్కు నీ ఇష్టం. నా చెయ్యి మంచిదని ఆర్గనైజరుతోని నువ్వన్నవా?"

"ఆయనతోని నీ చెయ్యి ముచ్చట నాకెందుకే!"

"సూడు సూడు! దీనిది నోరు కాదు, పిండి గిర్ని. ఎంత అబద్ధాలు!"

"లింగాల దిక్కోళ్ళకు మాటలెక్కువనే. పెండ్లినాడే అనుకున్న నేను."

"నువ్వన్నది నిజమే" అంది మా అత్త. ఆమె ఆయనతో అవుననడం ఆ ఇంట్లో నేను మొదటిసారి విన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. తిడుతూ తిడుతూ ఎక్కడో దారితప్పి, మడి గట్ల గురించి, కురుమూర్తి జాతర గురించి, శివ చిన్నప్పటి సంగతుల గురించి మాట్లాడుకున్నారు. నేను నిలబడే ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పుంజు సంగతి కూడా తేలిపోయింది. "ఏడాది మన మెతుకులు తిననియ్యి. అప్పుడు మనదైతది, అమ్మవారికిద్దం" అంది అత్త. మామ లేచి దాన్ని గంప కింద కమ్మాడు.

నేను కోరుకున్నదే జరిగింది. పొంగిపోవలసిన దాన్ని. కానీ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంటే ఏడుపు ఆగలేదు. ఇంత చాకిరీ చేస్తే చివరికి నేనే దొంగనయ్యానన్న కోపం కొంత, ఇక రేపటి నుంచి ఎవరి మాటా మొయ్యక్కర్లేదన్న అలసట కొంత.

దసరాకు శివ వచ్చాడు. వాళ్ళమ్మా నాన్నా వాకిట్లో కూర్చుని పెద్దగొంతుతో పోట్లాడుకుంటుంటే విని సంతోషపడ్డాడు. నన్ను తీసుకుపోతానంటే ఎవరూ కాదనలేదు. "తీస్కపో. అక్కడన్న నిజాలు చెప్పనేర్పు" అన్నాడు మామ. ఆయన నవ్వుతూనే అన్నాడు, నేనూ నవ్వాను.

బయలుదేరే రోజు పొద్దున అత్త చేనుకు పోతుంటే నేనూ వెంట పోయాను. కూలీ వాళ్ళు పండక్కు రాలేదు. పూలు తాకించే క్రాసింగు పనికి ఆఖరు రోజులు, మొగ్గలు పలచబడ్డాయి. ఇద్దరం ఒకే సాలులో అటొకరు, ఇటొకరు పూలు తాకిస్తూ నడిచాం. సగం సాలు అయింది.

"అత్తమ్మా, తప్పయింది. అబద్ధాలు చెప్పిన" అన్నాను.

"నాకెరుకనే" అంది, మొగ్గ మీది నుంచి చూపు తియ్యకుండా.

"మొన్న తెలిసింది గద."

"మొన్న కాదు. మొదటి దినమే ఎరుక. ఎండల పడి చేసి చేసి సచ్చిన గని, నీడకు కూసోమని ఆయన నన్ను ఎన్నడన్నడు? నువ్వన్న మాటలు ఆయన నోట్లె పుట్టేటివేనా?"

నేను పువ్వు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "మరి ఎందుకు ఊకున్నవ్? రోజూ మామ ఏమన్నడని ఎందుకడుగుతుంటివి?"

అత్త ఎర్రకాగితం తీసి, పువ్వు తాకించి, ఇంకో మొగ్గకు పోయింది. నాలుగైదు మొగ్గలు అయ్యాక చెప్పింది.

"ఇనబుద్దయ్యేది."

ఆమె ముఖంలో ఏడుపు లేదు, కోపం లేదు. ఇన్నేళ్ళ కాపురంలో అలవాటయిన అలసట ఒక్కటే ఉంది. నాకు పూనా మీద, లోపలి నల్లా మీద, ఆ పూట ఎక్కబోయే బస్సు మీద ఒక్క క్షణం మనసు విరిగింది.

అంతలో గట్టు మీద నుంచి మామ కేక వేశాడు.

"ఏమే, ఇంక ఆ సాల్నే ఉన్నవా? చెయ్యాడుతలేదా? ముసల్దానివైనవ్ పో!"

ఆమె తల తిప్పలేదు. నేను పువ్వు కింద పెట్టి ఆమె దగ్గరికి జరిగాను. "అత్తమ్మా, మామ ఏమంటుండంటే..." అన్నాను.

"ఇనవడ్డది తీ బిడ్డా" అని, సాలు వెంట ముందుకు పోయింది.